రసీదు లేని చదువు

(వార్షిక సభలో, విద్యార్థులకు బహుమతులు పంచిన సందర్భంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతులును. లెక్కలు చెబుతాను. ఉర్దూలో మాట్లాడతానని అనుకొని వచ్చిన పెద్దలు నన్ను మన్నించాలి. తెలుగు మీడియంలో చదివే మన పిల్లలు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయే మాట వారికీ వీరికీ సమానంగా అందాలి. అందుకని నాకు వచ్చిన తెలుగులోనే చెబుతాను. తప్పులుంటే మన తెలుగు పండితుల వారు సర్దుకుంటారని నమ్మకం.

"విద్య, ఉపాధి" అనే అంశం మీద మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. ఈ అంశం మీద ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. బాగా చదవండి, పైకి రండి అని చెప్పి కూర్చోవటం తేలిక. నేను ఈసారి ఉపన్యాసం చెప్పను. నా దగ్గర చదివిన ఒక కుర్రవాని సంగతి చెబుతాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. అది కూడా మీ ముందు ఒప్పుకుంటాను. ఆ కుర్రవాడు పేరు చెప్పవద్దన్నాడు, గనుక చెప్పను.

వాని తండ్రి మోటార్లకు వైండింగ్ కట్టే పనివాడు. ఇల్లు అద్దెది. పిల్లవాడు పదో తరగతి వరకు మా బడిలోనే చదివాడు. 2019లో ఇంటర్మీడియట్ ముగిసింది. ఇంజనీరింగుకు తగిన ర్యాంకు రాలేదు. డిగ్రీలో బి.కాం.లో చేరి, సాయంకాలం ఒక నెట్ సెంటర్లో కూర్చునేవాడు. హాల్ టిక్కెట్లు తీసివ్వటం, దరఖాస్తులు నింపటం, జిరాక్సులు తీయటం వాని పని. అక్కడి కంప్యూటర్లకు మాటిమాటికీ వైరసు పట్టేది. బాగు చేసే మనిషి వచ్చినప్పుడల్లా డబ్బు తీసుకొని పోయేవాడు, వారం తిరగ్గానే మళ్ళీ అదే రోగం. "అసలు ఇది ఏ దారిన వస్తోంది?" అని వీనికి సందేహం పుట్టింది. వాని చదువు ఈ ప్రశ్నతోనే మొదలయింది.

ఒకరోజు వాని తండ్రి వాణ్ణి వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "మాస్టర్ సాబ్, వీడు రాత్రి ఒంటిగంట దాకా ఇంటికి రాడు. ఏదో సైబర్ సెక్యూరిటీ అంటాడు. మీరైనా చెప్పండి" అన్నాడు. కుర్రవాడు తల వంచుకొని ఒక కాగితం నా చేతికిచ్చాడు. ఒక సంస్థ విద్యార్థులకిచ్చే సహాయం కోసం దరఖాస్తు అది. పాత కంప్యూటరుకు మెమరీ వేయించుకోవాలి, రెండు పుస్తకాలు కొనుక్కోవాలి, మీరు సిఫారసు సంతకం చేయండి అన్నాడు.

నేను అడిగిన మొదటి ప్రశ్న, "బేటా, ఈ కోర్సు ఏ కాలేజీలో? ఫీజు రసీదు ఏది?"

"కాలేజీ లేదు సార్. నాకు నేనే నేర్చుకుంటున్నాను" అన్నాడు.

రసీదు లేని చదువు చదువెట్లా అవుతుంది అనుకున్నాను. సంతకం చేయలేదు. పైగా, "ఇవన్నీ మనకు అయ్యే పనులు కావు, నాలుగు రూపాయలు వచ్చే పని చూసుకో" అని సలహా కూడా ఇచ్చాను. వాడు "జీ సార్" అని వెళ్ళిపోయాడు. నేను ఒప్పుకుంటానన్న తప్పు ఇదే.

ఆ చదువు సంగతి ఇప్పుడు చెబుతాను. సైబర్ సెక్యూరిటీ అంటే మన మాటల్లో కంప్యూటర్లకు చౌకీదారీ. బ్యాంకులో మన డబ్బు, ఆసుపత్రిలో మన రిపోర్టు, కాలేజీలో పిల్లల మార్కులు, అన్నీ నేడు కంప్యూటర్లలోనే ఉన్నాయి. వాటికి దొంగలున్నారు, గనుక కావలి వాళ్ళు కూడా కావాలి. మంచి చౌకీదారుకు దొంగ ఏ గోడ దూకుతాడో ముందే తెలియాలి. అందుచేత ఈ చదువులో తాళం వేయటంతో పాటు తాళం ఎట్లా ఊడుతుందో కూడా నేర్చుకోవలసి ఉంటుంది. దీని గొప్పా అదే, ప్రమాదమూ అదే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి నెట్ సెంటరు మూతపడింది. యజమాని మంచివాడు. మూలన పడివున్న ఒక పాత కంప్యూటరును "తీసుకుపో, బాగయితే వాడుకో" అని ఇచ్చాడు. దాని మెమరీ 4 జీబీ మాత్రమే. విండోస్ దాని మీద ఈడ్చుకుంటూ నడిచేది. కుర్రవాడు దాన్ని తీసివేసి లినక్స్ వేసుకున్నాడు. ఈ లినక్స్‌ను 1991లో ఫిన్లాండు దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవైఒక్కేళ్ళ విద్యార్థి మొదలుపెట్టాడు. అది ఉచితం. పేదవాని కంప్యూటరు మీద కూడా నడుస్తుంది. ప్రపంచంలోని పెద్ద పెద్ద సర్వర్లలో అనేకం నేటికీ దాని మీదే నడుస్తున్నాయి.

తరువాత కొద్ది నెలలకు వాడు మళ్ళీ నా దగ్గరకు వచ్చాడు. ఈసారి సంతకం కోసం కాదు, లెక్క కోసం. "సార్, కంప్యూటరు చిరునామాలో నాలుగు సంఖ్యలుంటాయి. ఏ సంఖ్యా 255 దాటదు. ఎందుకు?" అని అడిగాడు. నాకు కంప్యూటరు రాదు గాని రెండు యొక్క ఘాతాలు వచ్చు. ఒక్కొక్క సంఖ్యకు ఎనిమిది గదులు, ఒక్కొక్క గదిలో సున్నా గాని ఒకటి గాని. రెండును ఎనిమిదిసార్లు గుణిస్తే 256. సున్నా నుంచి లెక్కిస్తే చివరిది 255. నాలుగు సంఖ్యలకు కలిపి ముప్పైరెండు గదులు, అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 చిరునామాలు. ఇరవై ఏళ్ళుగా నేను బోర్డు మీద రాస్తున్న ఘాతాంకాలు ఇక్కడ ఇట్లా పనికొస్తున్నాయని ఆనాడే తెలుసుకున్నాను. ఆ రోజున నాకు గురువు వాడే.

అప్పుడు వాని నోటు పుస్తకం చూశాను. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, కంప్యూటరు ఆజ్ఞలు ఎడమ నుంచి కుడికి. రెండూ ఒకే వరుసలో రాస్తే గందరగోళం. అందుకని ఎడమ పేజీలో ఆజ్ఞ, కుడి పేజీలో దాని అర్థం ఉర్దూలో. తెలియని ఇంగ్లీషు మాటలకు వెనుక వైపు ఒక పట్టిక. ఈ విధంగా ఏడు పుస్తకాలు నింపాడు.

వాడు నాకు చెప్పిన పాఠం ఒకటి మీకూ చెబుతాను. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే ముందు సలాం చేసుకుంటాయట. మొదటిది "మాట్లాడవచ్చునా?" అంటుంది. రెండోది "వచ్చును, నీకు వినపడుతోందా?" అంటుంది. మొదటిది "వినపడుతోంది" అన్న తరువాతనే అసలు సంగతి మొదలు. మనం సలాం చెప్పటం, ఎదుటివారు జవాబు చెప్పటం, ఆ పైన కుశలం అడగటం వంటిదే. ఇప్పుడొక దుర్మార్గుడు వేలకొద్దీ సలాములు చెప్పి, జవాబు వినకుండా వెళ్ళిపోతే? ఇంటివాడు ప్రతి సలాముకూ తలుపు తెరిచి నిలబడవలసిందే. నిజంగా పని మీద వచ్చిన అతిథికి లోపల చోటుండదు. సర్వర్లను కూల్చే దాడుల్లో ఒక రకం ఇదేనట. మా బడి పిల్లలకు ఇట్లా చెబితే ఎనిమిదో తరగతివాడు కూడా అర్థం చేసుకున్నాడు. చదువు కష్టమైనది కాదు, మన భాషలో చెప్పేవాడు లేక కష్టమైంది.

ఇక 2021 సంగతి. ఒక సాయంత్రం వాడు పరుగెత్తుకొని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. చేతిలో మూడు కాగితాలు. ఒక విద్యాసంస్థ వెబ్‌సైటులో తన ఫీజు రసీదు తీసుకున్నాడట. పైన చిరునామాలో తన రసీదు నంబరు కనపడింది. ఆ నంబరులో చివరి అంకె మార్చాడు. మరో విద్యార్థి రసీదు వచ్చింది. పేరు, తండ్రి పేరు, ఫోను నంబరు, అన్నీ. ఇంకోటి మార్చాడు, ఇంకోటి వచ్చింది. అంటే లోపలికి వచ్చినవాడు ఎవడని తలుపు దగ్గర అడుగుతున్నారు గాని, ఈ గది నీదేనా అని ఎవరూ అడగటం లేదు. వెబ్‌సైట్ల లోపాలను వర్గీకరించే ఓవాస్ప్ సంస్థ తన 2021 జాబితాలో ఈ జాతి లోపాలకే మొదటి స్థానం ఇచ్చింది.

"సార్, నేను కనిపెట్టాను! స్నేహితుల గ్రూపులో పెడతాను" అన్నాడు.

నేను ఆ కాగితాలు చూశాను. అందులో ఒకటి ఒక ఆడపిల్ల రసీదు. "బేటా, ఈ అమ్మాయి ఫోను నంబరు నీ చేతిలో ఉన్నట్టు ఆమె తండ్రికి తెలుసునా?" అని అడిగాను. వాని ముఖం మారిపోయింది.

ఆ రాత్రి ఇద్దరం కూర్చొని చట్టం చదివాము. సమాచార సాంకేతిక చట్టం, 2000. యజమాని అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులో ప్రవేశించినా, అందులోని సమాచారం తీసుకున్నా 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టవలసి వస్తుంది. అదే పని మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. తాళం వేయలేదు గనుక లోపలికి వెళ్ళానంటే చట్టం ఒప్పుకోదు. మన ఇళ్ళల్లో పెద్దలు కూడా ఒప్పుకోరు. అమానత్ అనే మాట మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే గదా.

కాగితాలు చించేశాము. ఆ సంస్థకు ఉత్తరం రాశాము: ఫలానా పేజీలో ఈ లోపం ఉంది, మీ విద్యార్థుల వివరాలు బయటపడుతున్నాయి, సరిచేయండి అని. జవాబు రాలేదు. కంప్యూటరు ప్రమాదాల కోసం కేంద్ర ప్రభుత్వం 2004లో ఏర్పాటు చేసిన సర్ట్-ఇన్ అనే సంస్థ ఉంది. ఇటువంటి లోపాలను దానికి తెలియజేయవచ్చును. దానికి కూడా రాశాము. కొన్ని వారాలకు ఆ లోపం పోయింది. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ తిట్టలేదు. ఇటువంటి పనికి చప్పట్లు ఉండవని వానికి చెప్పాను.

ఈ సందర్భంలో ఒక ఇంగ్లీషు యువకుని కథ చెప్పుకోవాలి. 2017 మే 12న వానాక్రై అనే పురుగు లోకం మీద పడింది. కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కుకున్నాయి. ఇంగ్లాండులో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపవలసి వచ్చింది. ఆ లోపాన్ని సరిచేసే మందును మైక్రోసాఫ్ట్ కంపెనీ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని వాళ్ళే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఆ రోజున మార్కస్ హచిన్స్ అనే ఇరవైరెండేళ్ళవాడు, తనకు తానే ఈ విద్య నేర్చుకున్నవాడు, ఆ పురుగును విప్పి చూశాడు. అది ఎవరూ కొనని ఒక పొడుగాటి వెబ్ చిరునామాను పలకరించి చూస్తోంది. అతడు ఆ చిరునామాను పదకొండు డాలర్ల లోపు ఖర్చుతో తన పేర నమోదు చేశాడు. చిరునామా జవాబివ్వగానే పురుగు పాకటం ఆగిపోయింది.

ప్రపంచమంతా అతణ్ణి మెచ్చుకుంది. కాని మూడు నెలలు తిరగకుండా, అదే ఏడు ఆగస్టులో అమెరికాలో అరెస్టయ్యాడు. ఎందుకు? అంతకు ముందు తెలిసీ తెలియని వయస్సులో బ్యాంకు ఖాతాల రహస్యాలు దొంగిలించే ప్రోగ్రాములు రాసిచ్చాడు. 2019లో నేరం ఒప్పుకున్నాడు. అతడు అప్పటికే దారి మార్చుకున్నాడని న్యాయమూర్తి గుర్తించి, కొత్తగా జైలు వేయలేదు. అయినా రెండేళ్ళు ఇంటికి దూరంగా, కేసు మోస్తూ గడపవలసి వచ్చింది. లోకాన్ని కాపాడిన విద్యా అదే, బోను ఎక్కించిన విద్యా అదే. తనంతట తాను నేర్చుకునేవానికి ఈ రెంటి మధ్య గీత ఎవరు చూపిస్తారు? కాలేజీలో అయితే ఒక పంతులు ఉంటాడు. గదిలో ఒంటరిగా కూర్చున్న పిల్లవానికి ఎవరున్నారు? ఆ రోజున నేను తలుపు మూసివుంటే, మావాడు ఆ మూడు కాగితాలు ఎవరికి చూపించి ఉండేవాడో నేను చెప్పలేను.

అప్పటి నుంచి వాడు పరాయి తలుపు ముట్టలేదు. అభ్యాసానికి వేరే దారులున్నాయి. కావాలనే లోపాలు పెట్టి తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్ వంటి యంత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాముతో వాటిని మన కంప్యూటరులోనే, బయటి ఇంటర్నెట్టుకు దారి మూసి నడపవచ్చును. మన ఇల్లు, మన తాళం, మన సుత్తి. ఓవర్‌ది‌వైర్ అనే చోట బ్యాండిట్ అనే ఆట ఉంది. ఒక మెట్టులో దాచిన రహస్యపదం కనుక్కుంటేనే పై మెట్టుకు వెళ్ళగలరు. ముప్పైకి పైగా మెట్లు ఎక్కేసరికి లినక్స్ ఆజ్ఞలు చేతికి వస్తాయి. వెబ్‌సైట్ల లోపాలు నేర్చుకోవటానికి పోర్ట్‌స్విగర్ వారి అకాడమీ ఉచితం. మన ఐఐటీల పాఠాలు ఎన్‌పీటెల్ ద్వారా ఉచితంగా వినవచ్చును, పరీక్ష రాస్తేనే ఫీజు.

మధ్యలో ఒక సంగతి జరిగింది. మా వీధిలో ఒక పెద్దావిడ. కొడుకు కువైట్‌లో డ్రైవరు. మన కడప జిల్లాలో కువైట్ డబ్బు మీద పొయ్యి వెలిగే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, మీకు చెప్పనక్కరలేదు. బ్యాంకు నుంచి అని ఎవడో ఫోను చేశాడు, ఆవిడ ఓటీపీ చెప్పింది, ఖాతాలో డబ్బు పోయింది. ఇంట్లో వాళ్ళు ఆమెను తిడుతూ కూర్చున్నారు. మావాడు వెళ్ళి, "తిట్టటం తరువాత, ముందు ఫోను చేయండి" అని 1930 నంబరుకు ఫిర్యాదు చేయించాడు. ఎంత త్వరగా చెబితే, డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పారిపోకుండా ఆపటానికి అంత వీలు. ఆవిడ డబ్బు అంతా ఆగలేదు, కొంత ఆగింది. అప్పుడు వాని తండ్రి నాతో అన్నమాట, "మాస్టర్ సాబ్, వీడు చదివేది ఏమిటో నాకు ఇవాళ తెలిసింది." తల్లులారా, ఈ నంబరు గుర్తుంచుకోండి: 1930.

ఉద్యోగం సులభంగా రాలేదు. మొదటి ఇంటర్వ్యూలో, "బ్రౌజరులో ఒక వెబ్‌సైటు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఏమేమి జరుగుతుంది?" అని అడిగారట. అన్నీ తెలుసు, ఇంగ్లీషులో నోరు పెగల్లేదు. తిరిగి వచ్చి నెల రోజులు మా ఇంటి వరండాలో నిలబడి ఆ ఒక్క ప్రశ్నకు జవాబు గట్టిగా చెప్పటం అభ్యాసం చేశాడు. మా ఆవిడకు కూడా కంఠస్థం అయిపోయింది. రెండో చోట కూడా తప్పాడు. 2024లో మూడో చోట, హైదరాబాదులో, "డిగ్రీ బి.కాం., మరి ఈ విద్యకు రుజువేమిటి?" అని అడిగారు. వాడు తన ఏడు నోటు పుస్తకాలూ, ఇంట్లో చేసిన ప్రయోగాల మీద ఇంగ్లీషులో రాసుకున్న నివేదికలూ బల్ల మీద పెట్టాడు. తీసుకున్నారు. రాత్రి డ్యూటీ. కంపెనీ కంప్యూటర్లలో ఎక్కడ అనుమానం వచ్చినా గంట మోగుతుంది. అది దొంగా, పిల్లి అడుగా అని తేల్చటం వాని పని. పెద్ద ఉద్యోగమేమీ కాదు, మొదటి మెట్టు. పై పరీక్షలకు ఇంకా చదువుతూనే ఉన్నాడు.

విద్యార్థులారా, మీకు నాలుగు మాటలు. ఒకటి, తాళాలు ఊడదీసే పనిముట్ల దగ్గర మొదలుపెట్టవద్దు. ముందు నెట్‌వర్కు, తరువాత లినక్స్, ఆ పైన కొంచెం పైథాన్, అప్పుడు మిగతావి. రెండు, ప్రతి దినం రాయండి. చూసిన వీడియో మరచిపోతారు, రాసిన పేజీ మిగులుతుంది. మూడు, రాతపూర్వకమైన అనుమతి లేనిదే పరాయి కంప్యూటరును పరీక్షించవద్దు, అది మీ బడిదైనా సరే. నాలుగు, "ఆరు నెలల్లో హ్యాకర్, ఉద్యోగం గ్యారంటీ" అని బోర్డులు పెట్టి వేలకు వేలు అడిగేవాళ్ళను చూసి మోసపోవద్దు. ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాను, ఈ అభ్యాసమంతా ఇంట్లో కూర్చొని చేయవచ్చును. మీ తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే నన్ను పిలవండి, నేను వచ్చి మాట్లాడతాను.

ఇక కార్యవర్గం వారికి నా మనవి. మన సహాయం దరఖాస్తులో "కాలేజీ పేరు, ఫీజు రసీదు" అని ఒక గడి ఉంది. అది ఉండవలసిందే, జమాత్ డబ్బుకు లెక్క కావాలి. దాని కింద ఇంకొక గడి పెట్టండి: "స్వయంగా నేర్చుకుంటున్న విద్య". రసీదుకు బదులు నోటు పుస్తకం చూడండి. నెలకొకసారి ఒక పంతులు ఆ పుస్తకం మీద తేదీ వేసి సంతకం చేయాలి. ఆరు నెలలు సంతకాలున్నవానికే సహాయం ఇవ్వండి. పరీక్ష ఫీజులు వేలల్లో ఉంటాయి, గనుక నమూనా పరీక్షల్లో తేలినవానికే ఆ ఫీజు కట్టండి. పరాయి కంప్యూటరు ముట్టనని వాని చేత, వాని తండ్రి చేత రాయించుకోండి. ఈ హాలు సాయంకాలం ఖాళీగా ఉంటోంది. రెండు పాత కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ కనెక్షను పెడితే చాలు. పిల్లవాడు ఒంటరిగా అర్ధరాత్రి కూర్చునే బదులు పదిమంది మధ్య, పెద్దల కంటి ముందు నేర్చుకుంటాడు.

పుస్తకాలు చూసే పంతులు ఎవరని అడుగుతారేమో. నేను చూస్తాను. నాకు కంప్యూటరు రాకపోవచ్చు. పిల్లవాడు నిన్నటి కంటె ఈరోజు ఒక పేజీ ఎక్కువ రాశాడా లేదా అన్నది చూడటానికి నా కళ్ళు చాలు.

2019లో ఒక కాగితం మీద నేను సంతకం చేయలేదు. ఆ బాకీ నా మీద ఉంది. రేపటి నుంచి సాయంకాలం అయిదు గంటలకు బడి వరండాలో ఉంటాను. నోటు పుస్తకం పట్టుకొని వచ్చే పిల్లవాడు ఏ మీడియం వాడైనా సరే, కలం జేబులోనే ఉంటుంది.